నల్ల మిరియాలు నిండుకున్నాయి

"ముందు అందరికీ నమస్కారాలు రాయి మున్షీజీ."

"రాస్తున్నా. పేర్లు చెప్పు."

"బాపూజీకి, మాజీకి పాదాభివందనం. తాయాజీకి, తాయీజీకి కూడా. ఊరిపెద్ద నంబర్దారు గారిని మరిచిపోకు. ఉత్తరం చదివి వినిపించేది వాళ్లబ్బాయే."

చెబుతున్న సిపాయికి కుడిచెయ్యి భుజం దాకా కట్టు. పక్క మంచం మీదివాడికి కాలికి కట్టు. కాలు చాపుకుని, ఒళ్లో పళ్లెం బోర్లించుకుని, దాని మీద కాగితం పెట్టి రాస్తున్నాడు. నిజానికి అతను మున్షీ కాదు. వేరే పటాలంలో సిపాయి. నాలుగు అక్షరాలు వచ్చిన పాపానికి వార్డంతా అతన్ని మున్షీజీ అని పిలుస్తోంది. పొద్దున్నించి ఇది అయిదో ఉత్తరం.

వాళ్ల నెత్తిమీద పెద్ద గుమ్మటం. కింద వరసగా ఇనుప మంచాలు. ఒకప్పుడు ఈ గుమ్మటం కింద ఇంగ్లండు యువరాజు గుర్రాలు ఉండేవి. ఇప్పుడు 1915 జనవరి. ఊరు బ్రైటన్. ఇంగ్లండు దక్షిణపు ఒడ్డు. బయట మంచు, సముద్రపు గాలి. లోపల పంజాబీ, పుష్తో, గఢ్వాలీ, నేపాలీ మాటలు, అయోడిన్ వాసన.

కథలోకి వెళ్లేముందు పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఈ ఇద్దరి సంభాషణ నేను అల్లింది. పళ్లెం నేను పెట్టిందే. గుమ్మటం, మంచాలు, గాయాలు మాత్రం నిజం. ఆ సిపాయి ఇంటికి చెప్పుకున్న మాట నిజం. పంజాబుకు చెందిన ఒక రాజపుత్ర సిపాయి గాయపడి ఇంగ్లండు ఆసుపత్రిలో పడుకుని, ఆ నెలలోనే తన వాళ్లకు రాసిన ఉత్తరం ఒకటి ఉంది. దీన్ని యుద్ధం అనుకోవద్దని, లోకం అంతమైపోతోందని, పూర్వం మనవాళ్లు మహాభారతంలో చెప్పుకున్నలాంటిది ఇప్పుడు కళ్లెదుట జరుగుతోందని అందులో రాశాడు. ఆ ఒక్క ఉత్తరం పట్టుకునే నేను ఈ కథ మొదలుపెట్టాను.

అతను అక్కడికెలా చేరాడో చెప్పాలి. నెలకు పదకొండు రూపాయల జీతం మీద సర్కారు కొలువు. కరాచీ నుంచో బొంబాయి నుంచో ఓడ. 1914 సెప్టెంబరు 26న లాహోర్ డివిజన్ ఫ్రాన్సులో మార్సేయి రేవులో దిగింది. జనం పూలు చల్లారు, పళ్లు పంచారు. మన సిపాయిల ఒంటి మీద ఉన్నవి ఎండదేశపు నూలు దుస్తులు. ఉన్ని బట్టలు వెనకాల వస్తాయన్నారు. అక్టోబరు ఆఖరుకల్లా బెల్జియంలోని ఈప్ర దగ్గర కందకాల్లో మోకాలి లోతు బురదలో నిలబెట్టారు. వాళ్లు చూసిన యుద్ధాలన్నీ సరిహద్దు కొండల్లో తుపాకులతో జరిగినవి. ఇక్కడ తుపాకీ పట్టిన శత్రువు కనపడడు. ఎక్కణ్నుంచో గుండు వచ్చి పడుతుంది, పక్కనున్నవాడు ఉండడు. గాయపడ్డవాళ్లను ముందు బండ్ల మీద, తర్వాత రైల్లో, తర్వాత ఆసుపత్రి ఓడలో ఇంగ్లండుకు తరలించారు. ఒక్క బ్రైటన్ ఆసుపత్రుల్లోనే ఆ ఏడాది కాలంలో దాదాపు 12 వేల మంది మన సిపాయిలు పడుకున్నారు.

వాటిల్లో మన సిపాయి పడుకున్న రాయల్ పెవిలియన్ ఆసుపత్రి వైభవమే వేరు. నాలుగో జార్జి యువరాజుగా ఉన్నప్పుడు విలాసం కోసం కట్టించుకున్న భవనం అది. మొగలాయీ గుమ్మటాలు, మినార్లు, లోపల చైనా బొమ్మలు, డ్రాగన్లు. గాయాలతో స్పృహ తప్పినవాడు ఇక్కడ కళ్లు తెరిస్తే, పైన అద్దాల దీపాల గుత్తి కనిపించేది. స్వర్గంలా ఉందని ఇంటికి రాసినవాళ్లున్నారు. రాజుగారి వంటశాల శస్త్రచికిత్స గది అయింది. వంటకు తొమ్మిది పాకలు వేశారు, కులానికొకటి, మతానికొకటి. ప్రతి వార్డులో హిందువులకో కుళాయి, ముసల్మానులకో కుళాయి. పచ్చిక మీద సిక్కులకు గురుద్వారా గుడారం. 1857లో తూటాలకు పూసిన కొవ్వు సిపాయిల తిరుగుబాటుకు దారితీసిన సంగతి సర్కారు ఇంకా మరిచిపోలేదు మరి.

ఇంకో సంగతి. రాజుగారు సిపాయిల కోసం తన సొంత రాజమహలు ఖాళీ చేసి ఇచ్చారని సర్కారు చాటింపు వేసింది. సిపాయిలు నమ్మారు. ఇంటికీ అదే రాశారు. ఆ భవనాన్ని రాచకుటుంబం 1850లోనే బ్రైటన్ పట్టణానికి అమ్మేసింది. అంటే అరవై నాలుగేళ్లుగా అది మునిసిపాలిటీ ఆస్తి. ఈ కథలో మొట్టమొదటి తప్పుడు కబురు సిపాయి పుట్టించింది కాదు.

"తర్వాత?"

"నేను క్షేమం అని రాయి."

మున్షీజీ తలెత్తి కట్టు వైపు చూశాడు.

"చెయ్యి సంగతి?"

"చిన్న దెబ్బ అని రాయి. మాజీ వింటుంది."

మనవాళ్లు 'ఉభయకుశలోపరి' అని ఉత్తరం ఎత్తుకునేవారు. అక్కడా ఇక్కడా అందరం క్షేమం, ఇక పైన సంగతి ఏమనగా అని. ఇంట్లో పీనుగు లేచినా ఆ మాటతోనే మొదలుపెట్టిన ఉత్తరాలున్నాయి. పంజాబు సిపాయికీ ఆ మర్యాద తెలుసు. కాకపోతే అతని క్షేమం అమ్మ ఒక్కతీ వినేది కాదు. ఊళ్లో చదవడం వచ్చిన ఒక్కడు రచ్చబండ మీద గొంతెత్తి చదువుతాడు. పొరుగువాళ్లు వింటారు, అప్పిచ్చినవాడు వింటాడు, పిల్లనిస్తామన్నవాళ్లు వింటారు. అటువైపు అంత జనం. ఇటువైపు మున్షీజీ. మధ్యలో మరొకడున్నాడు. అతని సంగతే అసలు కథ.

ఫ్రాన్సు తీరంలో బులోన్ పట్టణం. అక్కడ ఒక గదిలో బల్ల మీద ఉత్తరాల గుట్ట. ఉర్దూ, గురుముఖి, హిందీ, ఇంకా అనేక భాషలు, లిపులు. గుట్ట వెనకాల ఈవెలిన్ బర్కిలీ హావెల్ అనే తెల్లదొర. హిందుస్తాన్ సర్కారులో రాజకీయ శాఖ ఉద్యోగి, సరిహద్దు భాషలు చదువుకున్నవాడు. సిపాయిలు రాసేవి, వాళ్లకు వచ్చేవి విప్పి చదవడం అతని పని. హిందుస్తాన్ విప్లవకారుల కరపత్రాలు పటాలాల్లోకి పాకుతాయేమోనని మొదట భయం. తర్వాత తెలిసింది, ఇంతకంటే మంచి నాడి దొరకదని. సిపాయి మనసులో ఏముందో పై అధికారికి చెప్పడు, ఇంటికి చెబుతాడు.

వారానికి వేల సంఖ్యలో ఉత్తరాలు. చేతికింద మనుషులు కొద్దిమంది. అన్నీ చదవడం అయ్యే పని కాదు. కొన్ని ఏరి, ఇంగ్లీషులోకి తిప్పించి, వారం వారం నివేదికతో జతచేసి లండనుకు పంపేవాడు. ఎక్కువ ఉత్తరాలను ఇంటికి పోనిచ్చేవాడు. మరీ ప్రమాదం అనిపించినవి ఆపేసేవాడు.

హావెల్ మొదటి నివేదికల్లో ఒకచోట నాకు చాలా ఇష్టమైన గమనిక ఉంది. గాయపడిన సిపాయిల ఉత్తరాల్లో కవిత్వం ఎక్కువైపోతోందని, అది మనసు కలత చెందిందనడానికి అపశకునమని రాశాడు. పత్రికా సంపాదకులెవరైనా ఇంత సూటిగా చెప్పారా! అదే హావెల్ తర్వాతి కాలంలో ఖుషాల్ ఖాన్ ఖట్టక్ పుష్తో కవితలను ఇంగ్లీషులోకి అనువదించాడు. కవిత్వం చూసి భయపడింది కవిత్వం తెలిసినవాడేనన్నమాట.

చదివేవాడొకడు ఉన్నాడని సిపాయిలకు తొందర్లోనే తెలిసింది. దాచిపెట్టిన రహస్యం కూడా కాదది. అప్పటినుంచి ఉత్తరం రాసే తీరు మారింది.

"మున్షీజీ, తమ్ముడికి ఒక ముక్క. పటాలంలో చేరొద్దని రాయి."

"రాస్తే ఆపేస్తారు."

"మరెలా?"

మున్షీజీ కలంతో తల గీరుకుంటూ ఆలోచించాడు. మంచాల వరస వైపు చూశాడు. నల్లవాళ్ల పక్కన నల్లవాళ్లు. వంటపాక వైపు నుంచి తాలింపు వాసన వచ్చింది.

"మిరియాల సంగతి రాద్దాం" అన్నాడు.

ఈ మిరియాల కబురు నేను కల్పించింది కాదు. నిజంగానే కొందరు సిపాయిలు అలాగే రాశారు. నల్ల మిరియం అంటే మన సిపాయి. ఎర్ర మిరప అంటే తెల్ల సిపాయి. హిందుస్తాన్ నుంచి వచ్చిన నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుతున్నారు, కానీ నల్లవాటి ఘాటు వాటికి లేదు. ఇదీ వరస. నువ్వు తెలివైనవాడివి, అర్థం చేసుకో అని చివర ఒక మాట. పాపం, ఆ చివరి మాటే వాళ్లను పట్టించింది. వట్టి మిరియాల బేరానికి అంత తెలివి ఎందుకని ఏ గుమాస్తాకైనా అనుమానం వస్తుంది.

మన ఇళ్లలో బియ్యం అయిపోయాయి అనరు. అశుభం. నిండుకున్నాయి అంటారు. డబ్బా ఖాళీ అయినప్పుడు నిండిందనడం మన భాషకు అలవాటే. యుద్ధంలో మనుషులు నిండుకుంటున్నారని ఇంటికి చెప్పాలంటే ఆ సిపాయికీ వంటింటి భాషే దిక్కయింది. సరుకులైతే ఎవరికీ అనుమానం రాదని అనుకున్నాడు. ఆడవాళ్లకు చప్పున అర్థమవుతుందని కూడా అనుకుని ఉంటాడు. ఈ రెండోది నా ఊహ.

ఇంకొందరు వేరే దారి చూశారు. ఒంటికి రాసుకుంటే పొక్కులు లేచే గింజలు పొట్లం కట్టి పంపమని ఇంటికి రాసినవాళ్లున్నారు. ఒకప్పుడు మన చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టిన నల్లజీడి ఉంది చూడండి, ఆ బాపతు. చర్మం కాలిపోయి ఆసుపత్రిలో మరో నెల పడుకోవచ్చు. ఒంటి మీద పొక్కు తెప్పించుకోవడం మంచిపనే అనిపించేంత ఘోరంగా ఉంది అక్కడ. పిరికివాళ్లని కొట్టిపారేయడం కుర్చీలో కూర్చున్న మనకు తేలిక.

సర్కారుకు కూడా ఆ అనుమానం పట్టుకుంది. చేతికి గాయాలతో వచ్చేవాళ్లు ఎక్కువగా ఉన్నారేమిటి, వీళ్లే కాల్చుకుంటున్నారా అని. బ్రైటన్‌లోనే బీదల చేత పనిచేయించే ఆశ్రమాన్ని ఖాళీ చేయించి కిచెనర్ పేరుతో పెట్టిన ఇంకో పెద్ద ఆసుపత్రి ఉంది. దాని అధికారి కర్నల్ బ్రూస్ సీటన్ వెయ్యి గాయాలు పరీక్ష చేసి లెక్క తీశాడు. తమను తామే కాల్చుకుంటున్నారనడానికి ఆధారం లేదని తేల్చాడు. కందకంలో నిలబడి తుపాకీ ఎత్తినవాడికి బయటికి కనబడేది తల, చేతులే కదా. తలకు తగిలినవాడు ఆసుపత్రి దాకా రాడు.

అదే సీటన్ తన ఆసుపత్రి చుట్టూ ముళ్లకంచె వేయించాడు. సిపాయిలు ఊళ్లోకి వెళ్లి తెల్ల ఆడవాళ్లతో మాట్లాడకూడదని కాపలా పెట్టాడు. నయమై నడవగలిగేవాడు కూడా లోపలే ఉండాలి. ఉత్తరాల్లో జైలు అనే మాట రావడం మొదలైంది. ఆ నిర్బంధం భరించలేక అక్కడ పనిచేసే మన సబ్ అసిస్టెంట్ సర్జన్ ఒకరు కర్నల్ మీద తుపాకీ ఎత్తేదాకా పోయింది వ్యవహారం. పెవిలియన్‌లో అద్దాల దీపాలు, కిచెనర్‌లో ముళ్లతీగ. మధ్య దూరం నడిచిపోయేపాటిదే. ఫోటో కార్డుల మీద అచ్చువేసి అమ్మింది మాత్రం దీపాలనే.

ఇప్పుడు మీర్ దస్త్ సంగతి చెప్పాలి. ఇతని పేరు చరిత్రలో ఉన్నది కాబట్టి దాచనక్కర్లేదు. అఫ్రీదీ పఠాన్, పటాలంలో జమాదారు, అంటే చిన్న అధికారి. 1915 ఏప్రిల్ 26న ఈప్ర దగ్గర జర్మన్లు విషవాయువు వదిలారు. ఆకుపచ్చ పొగ నేలబారున పాకివచ్చింది. ముఖానికి కట్టుకోవడానికి తొడుగులు లేవు, తడిగుడ్డలే. అధికారులు పడిపోతే మీర్ దస్త్ మిగిలినవాళ్లను కూడదీసి చీకటి పడేదాకా నిలబడ్డాడు. తర్వాత గుండ్ల వానలో ఎనిమిది మంది అధికారులను, తెల్లవాళ్లనూ మనవాళ్లనూ, మోసుకొచ్చాడు. తనకూ గాయమైంది. పొగ అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పోయింది.

ఆగస్టు 25న పెవిలియన్ పచ్చిక మీద అయిదో జార్జి చక్రవర్తి స్వయంగా వచ్చి విక్టోరియా క్రాస్ అతని రొమ్మున గుచ్చాడు. పత్రికలవాళ్లు, ఫోటోలు, చప్పట్లు. ఏం కావాలో కోరుకోమన్నాడట రాజు. భూమి అడగొచ్చు, పింఛను అడగొచ్చు. మీర్ దస్త్ ఒక్కటే అడిగాడు. ఒకసారి గాయపడి నయమైనవాణ్ని మళ్లీ కందకాలకు పంపొద్దు అని. తన కోసం కాదు, అందరి కోసం. ఈ సంగతి మనకు ఎలా తెలిసిందంటే, అక్కడున్న సిపాయిలు ఇంటికి రాశారు, హావెల్ మనుషులు దాన్ని రాసిపెట్టుకున్నారు.

ఆ వారంలోనే మీర్ దస్త్ తన పటాలంలోని మిత్రుడికి ఉత్తరం పంపాడు. దాని సారాంశం నా మాటల్లో చెబుతాను. ఎడమచేతికి దెబ్బ తగిలింది, రెండు వేళ్లు పనిచెయ్యడం లేదు. రెండో దెబ్బ పొగది. నన్ను అభినందించు, విక్టోరియా క్రాస్ వచ్చింది. అది చాలా గొప్పదే, కానీ ఈ పొగ నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. నా పని అయిపోయింది.

పతకం గురించి ఒక వాక్యం, పొగ గురించి మూడు. 'నేను క్షేమం' అనే ఆచారాన్ని పక్కన పెట్టేశాడు. బహుశా రాసింది తల్లికి కాదు కాబట్టి. పటాలంవాడికి ఆ అబద్ధం చెప్పాల్సిన పనిలేదు.

రాజుగారిని అడిగిన కోరిక ఏమైంది? ఏమీ కాలేదు. నయమైనవాళ్లు తిరిగి ఫ్రాన్సుకు వెళుతూనే ఉన్నారు. ఆ ఏడాది ఆఖరుకు మన కాల్బలం పటాలాలను ఫ్రాన్సు నుంచి తీసి, ఇప్పటి ఇరాక్ అయిన మెసొపొటేమియా ఎడారికి పంపారు. మంచు పోయి ఎండ వచ్చింది. మీర్ దస్త్ ఇంటికి చేరి 1945 దాకా బతికాడు.

"మున్షీజీ, ఇంకో మాట. గేదె ఈనిందా?"

"అది రాయొచ్చు" అని నవ్వాడు మున్షీజీ.

యుద్ధం ఉత్తరాలంటే యుద్ధమే ఉంటుందనుకుంటాం. చాలావరకు ఇవే ఉండి ఉంటాయి. గేదె, దున్నకం, పొలం తగాదా, తమ్ముడి పెళ్లి, పంపిన పదిహేను రూపాయలు అందాయా లేదా. బతికి ఉన్న మనిషి ఊరిని వదిలిపెట్టడు. హావెల్ గుమాస్తాలు వీటిని అనువదించడానికి అంతగా కాగితం ఖర్చు పెట్టలేదు. ఎక్కువగా ఏరుకున్నవి ధైర్యం, భయం, కోపం, రాజభక్తి ఉన్నవి. అందుకే ఈ సిపాయిలు ఎప్పుడూ ఏదో గంభీరంగా మాట్లాడుతున్నట్టు మనకు కనిపిస్తారు. వాళ్ల నవ్వులూ చాడీలూ చాలావరకు అసలు కాగితాలతో పాటే పోయాయి.

అసలు కాగితాలు అన్నాను కదా. ఇక్కడే నాకు ఈ కథలో మింగుడుపడని సంగతి ఉంది. ఇంటికి చేరిన ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివించుకుని, మడిచి, దూలం సందులోనో పెట్టెలోనో దాచి ఉంటారు. వానలు, చెదలు, 1947లో ఊళ్లకు ఊళ్లు ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు. దాచుకున్నవి చాలావరకు పోయాయి. మిగిలినవి ఎవరు దాచారు? అనుమానంతో విప్పినవాడు దాచాడు. బులోన్ గుమాస్తాలు రాసుకున్న ఇంగ్లీషు తర్జుమాలు లండనులో బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్తరాల మధ్య ఉన్నాయి. చరిత్రకారుడు డేవిడ్ ఒమిస్సీ వాటిలోంచి ఆరువందలకు పైగా ఏరి 1999లో పుస్తకం వేశాడు. ప్రేమతో దాచుకున్నవాళ్ల దగ్గర దాదాపు ఏమీ మిగల్లేదు. నిఘా పెట్టినవాడి బీరువాలో వేల పేజీలు. అదీ పరాయి భాషలో. మున్షీజీ చేతిరాత ఎలా ఉండేదో, 'మాజీ' అనే చోట కలం ఆగిందో లేదో ఆ పేజీలు చెప్పవు.

ఆసుపత్రిలోనే ప్రాణం పోయినవాళ్ల సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. హిందువులను, సిక్కులను బ్రైటన్ పక్కన ప్యాచమ్ కొండల మీదికి తీసుకెళ్లి, చితి పేర్చి దహనం చేశారు. యాభై ముగ్గురు. బూడిద సముద్రంలో కలిపారు. ముసల్మానులను వోకింగ్‌లో, షాజహాన్ మసీదు ఉన్న ఊళ్లో, ఖననం చేశారు. చితులు పేర్చిన చోట తెల్లరాతి ఛత్రి మండపం కట్టారు. దాన్ని 1921 ఫిబ్రవరి 1న వేల్స్ యువరాజు ఆవిష్కరించాడు. గొర్రెలు మేసే గడ్డికొండ మీద ఒంటరిగా ఉంటుంది ఆ గుమ్మటం. ఫ్రాన్సులో నవ్‌షాపెల్ దగ్గర ఇంకో స్మారకం ఉంది. సమాధి లేని నాలుగువేల ఏడువందల మందికి పైగా మన సిపాయిల, పనివాళ్ల పేర్లు దాని గోడల మీద చెక్కారు. 1915 మార్చిలో ఆ ఒక్క ఊరి కోసం మూడు రోజులు పోరాటం జరిగింది.

మనవాళ్లు లేరా అని తెలుగు పాఠకుడు అడుగుతాడు. ఫ్రాన్సుకు వెళ్లిన కాల్బలంలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు. హావెల్ గుట్టలో ఎక్కువ ఉత్తరాలు వాళ్లవే. దారులు, వంతెనలు వేసే మద్రాసు సాపర్స్ పటాలాల్లో మన జిల్లాల కుర్రాళ్లు మెసొపొటేమియా దారి పట్టారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచి తరం తరువాత తరం సైన్యానికి పంపి, మిలిటరీ మాధవరం అనే పేరే తెచ్చుకుంది. ఆ ఇళ్లకు కూడా మెసొపొటేమియాలోని బస్రా నుంచి కార్డులు వచ్చి ఉంటాయి. 'ఉభయకుశలోపరి' అని మొదలయ్యే ఉంటాయి. వాటిని ఎవరైనా విప్పి రాసిపెట్టుకున్నారో లేదో తెలియదు.

అందుకని ఒక మనవి. మాధవరమే కానక్కర్లేదు. మీ తాతగారో ముత్తాతగారో పటాలంలో పనిచేసి ఉంటే, అటక మీది ట్రంకు పెట్టె దింపి ఒకసారి చూడండి. రేషన్ కార్డులు, పట్టా కాగితాలు, పసుపు అంటిన శుభలేఖల మధ్య నలుపెక్కిన కార్డుముక్క ఒకటి దొరకొచ్చు. చిత్తుకాగితాలవాడికి వెయ్యకముందు సెల్‌ఫోనుతో రెండువైపులా ఫోటో తీసిపెట్టండి. పోస్టాఫీసు ముద్ర మీద తేదీ చదవగలిగితే అదీ ఒక పక్కన రాసి ఉంచండి.